ఎన్ని మొక్కలు నాటారో కాదు, నేల ఎంత కప్పుకుందో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గని తవ్వకం అయిపోయిన చోట పచ్చదనం పెంచుతున్నాం అని వార్త వస్తే అందులో ఒకటే లెక్క ఉంటుంది, ఇన్ని లక్షల మొక్కలు నాటాం అని. నాటిన రోజు ఫోటో కూడా ఉంటుంది. మూడో ఎండాకాలం దాటాక అక్కడ ఏం మిగిలిందో మాత్రం చెప్పేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళూ తక్కువే, ఆ బాధతోనే ఈ లెటర్ రాస్తున్నా.

ఓపెన్ కాస్ట్ గనుల్లో, అంటే పైనుంచి నేలంతా తవ్వే గనుల్లో, తవ్విపోసింది మామూలు మట్టి కాదండి. ఎంతో లోతు నుంచి వచ్చిన రాయీ రప్పా అది, దాంట్లో సత్తువ ఉండదు, పైన డంపర్లు తిరిగి తిరిగి నేల బిగుసుకుపోయి వేరు దిగడానికి సందే ఉండదు. కొన్ని చోట్ల రాయిలో ఉన్న పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం గాలి, నీరు తగిలి యాసిడ్ వదుల్తుంది, అక్కడ ఎన్నిసార్లు నాటినా బోసిగానే ఉంటుంది. ముందే తీసి పక్కన పెట్టిన పైమట్టి కూడా ఏళ్ళ తరబడి కుప్పలో ఉండిపోతే అందులో విత్తనాలు చాలావరకు చచ్చిపోతాయి. ఇలాంటి నేల మీద నాటి వదిలేస్తే ఎలా?

నేల ఎంత కప్పుకుందో కొలవడం బ్రహ్మవిద్యేం కాదు. 50 మీటర్ల టేపు నేల మీద లాగి, ప్రతి అర మీటరుకి ఒక సన్నటి ఊచ నిటారుగా దించి, మొన దేనికి తగిలిందో రాసుకుంటారు, ఆకా, ఎండుటాకా, రాయా, ఉత్త మట్టా అని. 100 చోట్ల దించితే 38 సార్లు పచ్చాకు తగిలిందనుకోండి, పచ్చదనం 38 శాతం. అది మంచిదా చెడ్డదా అంటే పక్కనే తవ్వని నేల మీద కూడా అదే టేపు వేసి చూడాలి. టేపు ఎక్కడ వేయాలో ముందే చీటీలు తీసినట్టు తేల్చుకోవాలి, పచ్చగా ఉన్న చోటు చూసి వేస్తే ఆ లెక్కకి అర్థం లేదు, ఒక ఏడాది వానలయ్యాక ఇంకో ఏడాది ఎండల్లో కొలిచినా అంతే.

నాకైతే ఉత్త మట్టి తగిలిన లెక్కే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. పైన చెట్లున్నా కింద గడ్డీ, రాలిన ఆకూ లేకపోతే ఆకుల మీంచి జారే లావుపాటి చినుకులు నేలని కొట్టుకుపోయేలా చేస్తాయి, గుట్ట వాలు మీద ముందు వేలంత గాడి పడుతుంది, అది పెరిగి పెరిగి గండి అవుతుంది, ఆ మట్టంతా పోయి వాగుల్లో పడుతుంది.

శాటిలైట్ చూస్తోంది కదా అంటారు. నిజమే, కోల్ ఇండియా గనుల్లో 2008 నుంచి చూస్తున్నారు, యూరప్ వాళ్ళ సెంటినెల్-2 శాటిలైట్ ఫోటోలు 10 మీటర్ల వివరంతో ఎవరికైనా ఫ్రీగానే దొరుకుతాయి. ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుని ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది కాబట్టి ఆ రెండిటి తేడాతో పచ్చదనం లెక్కకడతారు. కానీ అక్కడ గడ్డి పెరిగినా, వయ్యారిభామ పెరిగినా ఆ లెక్కకి పచ్చదనమే, అందుకే మనిషి నేల మీదకి దిగి చూడాల్సిందే.

అమెరికాలో 1977లో వచ్చిన చట్టం ప్రకారం బొగ్గు గని కంపెనీ చివరిసారి విత్తనం వేశాక 5 ఏళ్ళు, వాన తక్కువ పడే చోట్ల 10 ఏళ్ళు ఆ నేలకి బాధ్యత పడాలి, పచ్చదనం నిలబడిందని తేలేదాకా కంపెనీ ముందే కట్టిన డిపాజిట్ పూర్తిగా వెనక్కి రాదు. గని ఎక్కడున్నా ఇలాంటి రూలు ఉండాలి, కొలిచిన లెక్కలు ఏటా గని వారీగా జనం ముందు పెట్టాలి.

మీ పేపర్లో ఈసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు ఆ లెక్క కూడా అడిగి వేయండి సార్, నాటిన రోజు ఫోటో పక్కనే అదే చోట మూడేళ్ళ తర్వాత తీసిన ఫోటో కూడా వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు