వచ్చే నెల పాడ్‌కాస్ట్ మొత్తం మీ ప్రశ్నలే, పంపండి

అందరికీ నమస్తే అండి. విజయవాడ షాపులో కంట్రోలర్లు రిపేర్‌కి ఇచ్చేవాళ్ళు, పాత డిస్కులు మార్చుకునేవాళ్ళు, షాపుకి ఎప్పుడూ రాకుండా ఎక్కడో ఊళ్ళో కూర్చుని మన గేమింగ్ పాడ్‌కాస్ట్ మాత్రం వినేవాళ్ళు, ఇది మీ అందరికీ. వచ్చే నెల ఎపిసోడ్లకి టాపిక్ నేను పెట్టట్లేదు, మీరు అడిగినవే తీసుకుంటాం.

ఎందుకంటే కౌంటర్ దగ్గర జరిగే మాటలే అసలు బాగుంటాయి. మొన్న ఒకాయన పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కంట్రోలర్ తెచ్చి, నేను ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే ఎడమకి నడుస్తోందండీ, స్ప్రే కొట్టాను, నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది అన్నాడు. దీన్ని డ్రిఫ్ట్ అంటారు. బొటనవేలితో తిప్పే స్టిక్ లోపల చిన్న కార్బన్ పట్టీ ఉంటుంది, దాని మీద కాంటాక్ట్ రాసుకుంటూ తిరుగుతుంది, ఆడేకొద్దీ అరుగుతుంది. స్ప్రే దుమ్ముని కడుగుతుంది గానీ అరిగినదాన్ని తిరిగి తేలేదు. అప్పుడు స్టిక్ మాడ్యూల్ మార్చాల్సిందే, అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేస్తే ఆ రాపిడి ఉండదు, కాకపోతే సోల్డరింగ్ తెలిసిన చెయ్యి కావాలి, వేశాక స్టిక్ మధ్య స్థానం సరిచేసే కాలిబ్రేషన్ కూడా చెయ్యాలి. ఇదంతా ఆయనకి నిలబడి చెప్పా, పక్కనున్న ముగ్గురూ విన్నారు, అదే ప్రశ్న పాడ్‌కాస్ట్‌కి వచ్చుంటే ఎంతమందికి పనికొచ్చేదో కదా.

ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అడగాలని నా కోరిక. అమ్మలు ఫోన్ చేసి, బాబు ఆడేది బెట్టింగా అని భయంగా అడుగుతారు, ఆ భయానికి కారణం ఉంది. రమ్మీ యాప్‌లలో డబ్బు పోగొట్టుకున్న ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి, తెలంగాణ 2017లోనే, ఆంధ్రా 2020లో పందెం ఆటల మీద నిషేధం పెట్టాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ వాటి యాడ్స్‌నీ ఆపేసింది, అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని, అంటే పోటీలుగా ఆడే వీడియో గేముల్ని, వేరుగా గుర్తించింది. అంటే క్రికెట్ గేమో రేసింగ్ గేమో కొనుక్కుని ఆడే పిల్లాడికీ పందెం యాప్‌కీ సంబంధం లేదు. అయినా గేమ్ లోపల స్కిన్లకి (బొమ్మల వేషాలకి), లోపల ఏముందో తెలియకుండా కొనే బాక్సులకి పిల్లలు ఎంత పెడుతున్నారో చూసుకోవాలి, అది ఇంకో సంగతి, దాని మీద ఎవరైనా అడిగితే ఒక ఎపిసోడ్ మొత్తం కూర్చుని మాట్లాడతా.

ఉన్నది ఉన్నట్టు చెప్తా, పాడ్‌కాస్ట్ మీద రూపాయి రావట్లేదు. మైకుల ఖర్చు, ఎడిటింగ్ చేసే కుర్రాడికి ఇచ్చేది అన్నీ రిపేర్ డబ్బుల్లోంచే. ఆ చట్టం రాకముందు ఒక పందెం యాప్ వాళ్ళు యాడ్ చదవమన్నారు, ఇచ్చే డబ్బు మంచిదే, నేను వద్దన్నా, ఇప్పుడడిగినా అదే చెప్తా. ఇంట్లో ఆపెయ్యమంటున్నారు. నాకు మాత్రం ఆపాలని లేదండి, రిపేర్ గురించి తెలుగులో నిదానంగా చెప్పేవాళ్ళు తక్కువ, పిల్లలు అర్థంకాని భాషలో వీడియో చూసి పీఎస్4 కంట్రోలర్ విప్పి రిబ్బన్ కేబుల్ తెంపుకుని వస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఏం అడగొచ్చంటే ఏదైనా. జీటీఏ 6 అనే కొత్త గేమ్ కోసం ఇప్పుడే పీఎస్5 కొనాలా ఆగాలా అని రోజూ అడుగుతున్నారు, దాన్ని తయారుచేసే రాక్‌స్టార్ వాళ్ళు చెప్పిన విడుదల తేదీ 2026 నవంబర్ 19, కంప్యూటర్‌లో ఎప్పుడొస్తుందో ప్రకటించలేదు, దాన్నిబట్టి నా అభిప్రాయం ఎపిసోడ్‌లో చెప్తా. 2022లో స్టోర్ నుంచి తీసేసి 2023లో తిరిగొచ్చిన మొబైల్ షూటింగ్ గేమ్ బీజీఎంఐ గురించి, పుణె వాళ్ళు చేసిన రాజీ లాంటి మన గేముల గురించి, గేమ్ తయారీ నేర్చుకోవాలంటే డిగ్రీ కావాలా అనేదాని గురించి కూడా. ఇంటర్ చదివే పిల్లలు ఈ చివరిది సిగ్గుపడుతూ అడుగుతున్నారు, గట్టిగా అడగండి నాయనా.

రెండే వద్దు. గేమ్ ఐడీలు (అకౌంట్లు) అమ్మడం కొనడం, పైరసీ కాపీలు. వాటికి జవాబివ్వను.

పంపేది షాపు వాట్సాప్‌కే, నంబర్ మీ బిల్లు మీద ఉంది, వినేవాళ్ళకి ఎపిసోడ్ చివర చెప్తూనే ఉంటాం. నిమిషం లోపు వాయిస్ మెసేజ్ చాలు, మీరు ఇంట్లో మాట్లాడే యాసలోనే మాట్లాడండి, శ్రీకాకుళమైనా ఆదిలాబాదైనా అలాగే వేస్తాం. రిపేర్ ప్రశ్నైతే మోడల్ పేరు, ఎప్పటినుంచి ఆ తేడా, ఎవరైనా విప్పారా లేదా, ఇవి మూడూ చెప్పాలి, లేకపోతే నేను చెప్పేది ఊహ అవుతుంది. పేరు వద్దంటే చెప్పం, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల గొంతైతే ఇంట్లో వాళ్ళు సరేనన్నాకే వేస్తాం.

ఈ నెలాఖరు దాకా తీసుకుంటాం. ఎపిసోడ్‌లో పట్టనివాటికి వాట్సాప్‌లోనే వాయిస్‌లో జవాబు పెడతా, పగలంతా టేబుల్ మీద రిపేర్లు ఉంటాయి కాబట్టి రాత్రి షాపు కట్టేశాకే వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.