కువైట్ ప్రయాణంలో ఉన్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

విమానంలో ఎన్ని కిలోలు రానిస్తారని నిన్న ఫోనులో మూడుసార్లు అడిగావు. సామాను సంగతి అల్లుడుగారు చూసుకుంటారు. రిఫైనరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి కదా, నాకు తోచింది వేరే ఉంది.

నీకంటే వందేళ్ళ ముందు, ఇరాన్‌లో చమురు తీసే ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ అనే బ్రిటిష్ కంపెనీ దొర ఒకడు భార్యాపిల్లలతో అక్కడి రిఫైనరీ ఊరు అబాదాన్ బయలుదేరాడనుకో. సూయెజ్ మీదుగా ఓడలో అయితే వారాలు పట్టేది. న్యూజిలాండ్ నుంచి వచ్చిన నెయిర్న్ సోదరులు 1923లో డమాస్కస్ నుంచి బాగ్దాద్‌కు మోటారు కార్లు నడపడం మొదలుపెట్టారు. రోడ్డంటూ లేదు, అంతా ఎడారే. ముందు వెళ్ళిన కార్ల చక్రాల జాడలే దారి. దొరసాని ముసుగు కప్పుకుని, ఒళ్ళో చంటివాడికి తడిగుడ్డతో మొహం తుడుస్తూ కూర్చుని ఉంటుంది. బాగ్దాద్‌లో రైలెక్కి బస్రా, అక్కడి నుంచి పడవలో అబాదాన్. దిగాక దొరలుండే బ్రెయిమ్ పేటలో బంగళా, తోట, నౌకర్లు. పిల్లవాడికి ఏడెనిమిదేళ్ళు రాగానే మళ్ళీ ఇంగ్లండు హాస్టలుకు. అక్కడ దొరసాని కూడా ఏడ్చే ఉంటుంది, పాపం.

అదే అబాదాన్‌లో మనవాళ్ళూ ఉన్నారు. బొంబాయి, కరాచీల నుంచి కంపెనీ తీసుకెళ్ళిన ఫిట్టర్లు, గుమాస్తాలు, కూలీలు. చాలామంది ఇంటివాళ్ళను ఊళ్ళోనే వదిలి వెళ్ళినవాళ్ళే. 1920లో జీతాల కోసం సమ్మె చేశారు, కొంత పెంచారు. 1922లో మళ్ళీ చేస్తే చాలామందిని ఓడలెక్కించి వెనక్కి పంపేశారు. దొర పిల్లవాడి హాస్టలు ఖర్చు తెలిసిన కంపెనీకి ఫిట్టరు పిల్లవాడి పేరు కూడా తెలిసి ఉండదు. ఇది నా కోపం, చరిత్ర పుస్తకంలో వెతకకు.

కువైట్‌లో చమురు 1938లో పడింది. అక్కడ చమురు తీసిన కువైట్ ఆయిల్ కంపెనీలో అప్పట్లో సగం వాటా ఈ ఆంగ్లేయ కంపెనీదే. ఇప్పుడు నువ్వు ఇంజనీరువి, నీ జీతానికి కుటుంబం వీసా వచ్చింది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళకు అది రాదు. పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తారు.

విమానంలో నీ పక్కన అలాంటి ఆవిడ కూర్చుని, ఏదైనా కాగితం నింపాల్సి వస్తే, కలం ఇచ్చి ఊరుకోకు. నువ్వే నింపిపెట్టు.

చంటివాడి టోపీ చేతిసంచిలో పైనే ఉంచు.

మీ నాన్న