యాప్ పరీక్షకు ఇద్దరిని కలిపి కూర్చోబెట్టండి

సంపాదకులకు నమస్కారం.

యాప్‌లను జనంలోకి వదిలే ముందు నలుగురిచేత వాడించి చూడటం మంచి పనే. అయితే మా పర్లాకిమిడి లాంటి సరిహద్దు ఊళ్లలో ఆ పరీక్ష జరిగే తీరు మారాలి. నేనిక్కడ కంప్యూటర్ పాఠాలు చెప్తాను. తెలుగు, ఒడియా రెండూ వచ్చని, డబ్బు పంపే యాప్ ఒకటి పరీక్షించడానికి వచ్చిన బృందం ఆమధ్య నన్ను దుబాసీగా పెట్టుకుంది.

ఫోన్ చేతికిచ్చి, మనసులో అనుకునేదంతా పైకి చెప్తూ పని చేయమంటారు. ఆగిపోతే 'చెప్తూ ఉండండి' అంటారు, అంతే. ఎరిక్‌సన్, సైమన్ అనే పరిశోధకులు 1980లో ఈ పద్ధతికి సిద్ధాంతం రాశారు. 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ దీన్ని కంప్యూటర్ల పరీక్షకు తెచ్చారు. పద్ధతిలో తప్పు లేదు. కానీ చదువుకున్న మనిషి ఎదురుగా మౌనంగా కూర్చుని రాసుకుంటుంటే మా ఆడవాళ్లకు అది పరీక్ష హాలే.

మహిళా సంఘం నుంచి వచ్చిన ఒకావిడ 'పంపు' నొక్కింది. తెర మీద పచ్చ టిక్కు పడింది గానీ డబ్బు ఎవరికి వెళ్లిందో పేరు లేదు. ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఎలా ఉందమ్మా అంటే 'బాగుంది బాబూ' అంది. ఇబ్బందేమీ లేదని రాసేసుకున్నారు. వరండాలోకి వెళ్లగానే తోటికోడలితో, 'ఎవులికెళ్లాయో ఏటో తెల్లేదే, గుండె దడదడలాడిపోనాది' అంటోంది! నేను విన్నాను కాబట్టి సరిపోయింది.

ఇంకో సంగతి. ఇంట్లో తెలుగే మాట్లాడినా మా వైపు చాలామంది బడిలో చదివింది ఒడియా. తెలుగు అక్షరాల తెర ఇస్తే చదవలేరు. ఆ మాట కొత్తవాళ్ల ముందు చెప్పుకోవడం నామోషీ, కళ్లద్దాలు తేలేదంటారు. అది నమ్మి అక్షరాల సైజు పెంచితే ఏం లాభం?

దీనికి దారులున్నాయి. కుట్టు మిషన్ కుట్టు ఎలా వేస్తుందో ఇద్దరిద్దరు కలిసి తేల్చుకుంటుంటే, వాళ్ల మాటల్లోంచి ఆలోచన ఎలా సాగుతుందో జపాన్ పరిశోధకురాలు నయోమి మియాకే 1986లోనే చూపించారు. మన దేశంలో ఇలాంటి పరీక్షలు చేసే అపలా లాహిరీ చవాన్, పరీక్షకు వచ్చినవాళ్ల కోసం సినిమా కథ లాంటిది అల్లారు. మేనకోడలికి కాబోయే మొగుడు ముందే పెళ్లయిన హంతకుడని తెలిసింది, వెంటనే విమాన టికెట్ కొనాలి అన్నారు. కథలో పడ్డవాళ్లు చిన్న లోపాన్ని కూడా వదలకుండా చెప్పారు.

మాకు మాత్రం ఇద్దరిని కలిపి కూర్చోబెట్టడమే నప్పుతుందని నా నమ్మకం. అత్తాకోడళ్లను మాత్రం జంట చేయకండి, కోడలు నోరు మెదపదు. ఇరుగుపొరుగు వాళ్లయితే మేలు. పరీక్ష పెట్టేది ఆడమనిషైతే ఇంకా మంచిది. దుబాసీ మధ్యలో ప్రతి మాటా అనువాదం చేస్తుంటే ఆలోచన తెగిపోతుంది, నేను చేసిందీ అదే పని. వాళ్ల అనుమతితో రికార్డు చేసుకుని, తర్వాత రాయించుకోవచ్చు కదా.

గజపతి, గంజాం, రాయగడ జిల్లాలకు వచ్చే కంపెనీలు, ఆఫీసులు ఒడియా, తెలుగు తెరలు రెండూ పట్టుకురావాలని, ఏది కావాలో వాడేవాళ్లనే ఎంచుకోనివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక కంప్యూటర్ టీచర్, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా