తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

హనుమకొండ

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది రెండు వారాలైంది. కరీంనగర్‌లో మీ కాలనీ సంఘం వారు యువకుల కోసం ఒక కేంద్రం పెట్టదలచారనీ, అందులో ఏమేం ఉండాలో జాబితా రాసి పంపమనీ అడిగావు. ఆ జాబితా నేను పంపడం లేదు, కోపగించుకోకు. నీకు 60 దాటాయి, నాకు 61 నిండాయి. మనిద్దరం కూర్చుని పదహారేళ్ల పిల్లకు సాయంత్రం ఆరు గంటలకు ఏం కావాలో తేల్చడమంటే, పెళ్లికూతురిని అడగకుండా పట్టుచీర కొనుక్కొచ్చినట్టే. చీర ఎంత ఖరీదైనదైనా పెట్టెలోనే ఉండిపోతుంది.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. మా కమ్యూనిటీ హాలు పక్కనున్న ఖాళీ జాగాలో మూడేళ్ల క్రితం, యువత ఫోన్లు వదిలి ఆరోగ్యంగా ఉండాలన్న సదుద్దేశంతో, పెద్దలమే తీర్మానించి, చందాలు పోగుచేసి ఓపెన్ జిమ్ పెట్టించాం. దానిని ఇవాళ తెల్లవారుజామున నడకకు వచ్చే మావంటి మోకాళ్ల నొప్పులవాళ్లమే వాడుకుంటున్నాం. సాయంత్రమయ్యేసరికి వాచ్‌మన్ ఇంటి బట్టలు వాటి మీద ఆరుతుంటాయి. యువకులు ఎప్పటిలాగే రోడ్డు మలుపులో చాయ్ బండి దగ్గర నిలబడి ఉంటారు.

అప్పుడు గానీ వాళ్లను అడగాలన్న బుద్ధి మాకు పుట్టలేదు. మొదటిసారి అడిగిన తీరు చెబితే నవ్వుతావు. వేదిక మీద ఐదు కుర్చీలు, ఐదుగురం పెద్దలం. గంటా పావుసేపు మేమే మాట్లాడి, చివరి ఐదు నిమిషాలకు "ఇక మీరు చెప్పండి" అన్నాం. ముందు వరుసలోని అబ్బాయి లేచి "అంతా మంచిగుంది సార్" అని కూర్చున్నాడు. ఫోటో దిగి, సమోసాలు పంచి, పని అయిపోయిందనుకున్నాం. రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యూనిసెఫ్ ప్రచురించిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించాడు. అందులో కింది మూడు మెట్లు, అంటే పిల్లలను మన పనికి వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు మాత్రం పిలవడం, అసలు భాగస్వామ్యమే కావని తేల్చాడు. మేము ఆ సాయంత్రం మూడింటి మీదా తలో కాలూ పెట్టాం.

రెండోసారి మేము హాల్లో అడుగుపెట్టలేదు. డిగ్రీ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలకు సమావేశం అప్పగించాం. వాళ్లు కుర్చీలు తీయించి, జంపఖానా పరిచి, పేరు రాయనక్కరలేని చీటీలు పంచారు. 43 చీటీలు వచ్చాయి. వాటిని నేను రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఒక్కదానిలోనూ జిమ్ మాట లేదు. "హాలుకు ఐదింటికే తాళమేస్తున్నరు, మా ట్యూషన్ ఆరింటికి అయితది, మేమెప్పుడు రావాలె?" అని ఒకరు రాశారు. బాత్రూం తలుపుకు గడియ లేదనీ, అందుకే అక్కలు రారనీ చాలామంది రాశారు. బస్టాపు నుంచి హాలు దాకా ఉన్న సందులో దీపం వెలగదని ఏడుగురు రాశారు. మైదానం ఎప్పుడూ క్రికెట్ ఆడే అబ్బాయిలదేనా, వారానికి రెండు రోజులు మాకు త్రోబాల్‌కు ఇవ్వరాదా అని అడిగిన చీటీలోని అక్షరాలు కోపంతో కాగితానికి చిల్లు పెట్టాయి. "ఎవరూ ఏమీ నేర్పించని ఒక గది కావాలి" అన్న చీటీ మాత్రం నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ఎందుకంటే, పిల్లలకు గది అనగానే స్పోకెన్ ఇంగ్లిషు, వ్యక్తిత్వ వికాసం తప్ప మనకు ఇంకొకటి తోచదు. మన డిగ్రీ రోజుల్లో, 1904 నాటి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో పత్రికలు తిరగేస్తూ ఎన్ని సాయంత్రాలు గడిపామో గుర్తుందా? అక్కడ మనకు ఎవరూ పాఠం చెప్పలేదు కదా.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. యువత అంటే ఒకే మూస కాదు. 2014 జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ల వారిని యువత అన్నది; ఆ లెక్కన పదో తరగతి పిల్ల, గ్రూప్స్‌కు చదివే 27 ఏళ్ల అబ్బాయి ఒకే గదికి హక్కుదారులు. ఆమెకు ముచ్చట పెట్టుకునే చోటు కావాలి, అతనికి చీమ చిటుక్కుమనని నిశ్శబ్దం కావాలి. మమ్మల్ని అడిగితే ఆలోచించకుండా గది మొత్తం ఉద్యోగ పరీక్షలవాళ్లకే రాసి ఇచ్చేవాళ్లం. వాళ్లలో వాళ్లు మూడు వారాలు వాదించుకుని, ఏడు గంటల దాకా చిన్నవాళ్లకు, ఆ తరువాత పదింటి దాకా చదువుకునేవారికి అని తేల్చుకున్నారు. ఆ వాదన మేము తీర్చి ఉంటే ఇవాళ్టికీ ఎవరో ఒకరు అలిగి ఉండేవారు.

ఓటే లేనివాళ్లకు మాటేమిటని మీ అధ్యక్షుడు అన్నారని రాశావు. ఓటు వయసు 21 నుంచి 18కి దిగినది 61వ రాజ్యాంగ సవరణతో, 1989లో. అంతకు ముందు ఇరవై ఏళ్లవాడికీ ఇదే మాట చెప్పేవారని ఆయనకు గుర్తుచేయి. గ్రామసభలో కూర్చునే అర్హత ఓటర్ల జాబితాలో పేరున్నవారికే గనుక పదిహేడేళ్లవారు దానికి బయటే ఉంటారు, నిజమే. అయితే తమను తాకే విషయాలలో పిల్లల మాట వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం చెబుతుంది, దానిని మన దేశం 1992లోనే అంగీకరించింది. కర్ణాటక పంచాయతీల్లో మక్కళ గ్రామసభల పేరుతో పిల్లలను విడిగా కూర్చోబెట్టి వింటున్నారు. అమెరికాలోని బోస్టన్ నగరం 2014లో పది లక్షల డాలర్లను దేనికి ఖర్చు పెట్టాలో 12 నుంచి 25 ఏళ్లవారి ఓటుకే వదిలిపెట్టింది. అంత దూరం ఎందుకు, మన తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టమే ప్రతి వార్డుకూ 15 మందితో ఒక యువజన కమిటీ ఉండాలన్నది. నాకు తెలిసిన ఒక వార్డులో ఆ కమిటీ సభ్యులలో ఇద్దరికి, తాము సభ్యులమన్న సంగతే తెలియదు. చట్టం చోటు ఇచ్చింది, కానీ ఆ చోట ఎవరిని కూర్చోబెట్టాలో రాసే కలం పెద్దల చేతిలో ఉండిపోయింది.

అందుకే మేము రెండు పనులు చేశాం, నీకు చెప్పగలిగింది కూడా అవే. ఏడాదికి పదివేల రూపాయలు వాళ్ల చేతికి ఇచ్చి, లెక్క రిజిస్టర్లో రాయమన్నాం, దేనికి ఖర్చు పెట్టాలో చెప్పలేదు. మొదటి నెలలోనే గడియ, సందులో దీపం, అమ్మాయిల బాత్రూంలో ప్యాడ్ల డబ్బా వచ్చాయి. మూడేళ్లుగా మా సమావేశాలలో ఈ మూడింటిలో ఒక్కటీ చర్చకు రాలేదు. రెండో పని, హాలు తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గర పెట్టడం. దీనికి మాలో పెద్ద గొడవే జరిగింది.

అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. ఇంటర్ పరీక్షల నెలల్లో సమావేశానికి నలుగురు కూడా రారు. హాస్టల్ కాలేజీల్లో ఉండే పిల్లలు అసలే రాలేరు. చదువు మానేసి మొబైల్ దుకాణాల్లో, డెలివరీ బండ్ల మీద పనిచేసే అబ్బాయిలు హాలు గడప తొక్కరు. సమావేశం నడిపిన అమ్మాయిలలో ఒకామె చీటీలు పట్టుకుని చాయ్ బండి దగ్గరికే వెళ్లి రాయించుకొచ్చింది. ఈ ఆలోచన నాకు తోచనందుకు కొంచెం సిగ్గుపడ్డాను.

పోయిన నెల వాళ్ల దగ్గరి తాళంచెవి పోయింది. "చూశారా, మేము ముందే చెప్పాం" అని ఇద్దరు పెద్దలు నా ఇంటికి వచ్చి కూర్చున్నారు. చాయ్ ఇచ్చి, కబురు చేసి రిజిస్టర్ తెప్పించాను. అందులో ముందు రోజు తేదీన, "తాళంచెవి పోయింది, తప్పు మాది, కొత్త తాళం, మూడు చెవులు, 480 రూపాయలు" అని రాసి, కింద ఐదుగురి సంతకాలు ఉన్నాయి. కొత్త చెవులలో ఒకటి అప్పటికే వాచ్‌మన్‌కు ఇచ్చారట. పెద్దలిద్దరూ ఆ పేజీ చూసి, చాయ్‌లో చక్కెర ఎక్కువైందని చెప్పి వెళ్లిపోయారు.

చెల్లెమ్మకు నా నమస్కారాలు. మీ చీటీలు వచ్చాక, వాటిని నీవు చదవకముందు ఏం ఊహించావో ఒక కాగితం మీద రాసి దాచిపెట్టు. కలిసినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
నీ మిత్రుడు