డాకావ్‌కి రెండు గంటలు చాలవు

ఎడిటర్ గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో జర్మనీ యాత్ర మీద ఒక వ్యాసం వచ్చింది. మ్యూనిక్ చుట్టుపక్కల చూడాల్సినవి అంటూ కొండ మీది రాజుగారి కోట, కార్ల మ్యూజియం, వాటి కిందే ‘డాకావ్ కాన్సంట్రేషన్ క్యాంప్, రెండు గంటలు చాలు, ప్రవేశం ఉచితం’ అని వేశారు. హిట్లర్ ప్రభుత్వం మనుషుల్ని బంధించి హింసించిన శిబిరం అది, ఇప్పుడు స్మారకం. ప్రవేశం ఉచితమన్నది నిజమే. రెండు గంటలు చాలు అన్నదాని గురించే ఈ ఉత్తరం. నేనూ మా ఆవిడా ఒకసారి సరిగ్గా మీరు రాసినట్టే వెళ్ళొచ్చాం. రెండోసారి ఒక గైడ్‌ని మాట్లాడుకుని వెళ్ళాం. రెండుసార్లూ చూసింది ఒకే చోటంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

నేను ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయినేడాది వెళ్ళినప్పుడు వాడికి సెలవు దొరక్క మమ్మల్ని ఒక టూర్ బస్సు ఎక్కించాడు. డాకావ్ దగ్గర ఆపి గంటంపావు టైమిచ్చారు. గేటు దగ్గర అందరూ ఫోటోలు దిగారు, మేమూ దిగాం. లోపల చూస్తే పెద్ద మైదానం, కాళ్ళ కింద కంకర, రెండు పొడుగాటి షెడ్లు, దూరంగా చెట్ల వరస. "ఇంతేనా అండీ" అంది మా ఆవిడ. రెండో ప్రపంచ యుద్ధం పాఠం ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో లెక్కలేదు, అయినా ఆమెకి అక్కడ నిలబడి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. బస్సులో పక్క సీటాయన ఇక్కడే లక్షలమందిని గ్యాస్ పెట్టి చంపేశారు అంటే అవునేమో అనుకున్నాను. ఊరికొచ్చాక ఒక స్కూల్లో పిలిస్తే వెళ్ళి పిల్లలకీ అదే చెప్పాను. ఆ మాట తప్పని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఈసారి మా వాడు నెల ముందే ఒక గైడ్‌ని కుదిర్చాడు, మా ముగ్గురి కోసమే. అక్కడ ఎవరు పడితే వాళ్ళు నిలబడి కథలు చెప్పడానికి వీల్లేదట, శిక్షణ పొంది స్మారకం వాళ్ళ అనుమతి తీసుకోవాలి. మా గైడ్ ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, చేతిలో గొడుగు, భుజానికి బరువైన సంచి. మ్యూనిక్ నుంచి ఎస్2 లోకల్ రైల్లో డాకావ్ స్టేషన్‌కి వెళ్తే అక్కడే కలిసింది, నలుగురం 726 నంబరు బస్సెక్కాం. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే మా వాడు వాళ్ళమ్మకి తెలుగులో చెప్పేవాడు, నాకు అర్థం కానిచోట నాకూ. మూడు గంటల టూర్‌కని డబ్బు కట్టాం, నాలుగు గంటలు గడిచినా ఆవిడ వాచీ చూడలేదు.

బస్సు దిగి నడుస్తుంటే మా ఆవిడ చుట్టూ ఉన్న ఇళ్ళు చూసి, "ఊరు ఇంత దగ్గర్లో ఉందే, వీళ్ళెవరికీ తెలీదా?" అంది. మా వాడు అదే అడిగాడు. గైడ్ నోటితో జవాబు చెప్పలేదు. ఆగి, సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక జెరాక్స్ కాగితం తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది.

ఎడిటర్ గారూ, అది పేపర్ కటింగ్. 1933 మార్చి 21 నాటి మ్యూనిక్ దినపత్రికది. బుధవారం నాడు డాకావ్ దగ్గర మొదటి కాన్సంట్రేషన్ క్యాంప్ తెరుస్తున్నారు, అందులో 5,000 మంది పడతారు అని అందులో ఉంది. మన పేపర్లో కొత్త వసతి గృహం ప్రారంభం అని వేస్తామే, సరిగ్గా అలాగ. అప్పటికి మ్యూనిక్ పోలీసు అధిపతిగా ఉన్న హిమ్లర్ ముందు రోజు విలేకరుల్ని పిలిచి మరీ చెప్పాడట. మర్నాడే, అంటే మార్చి 22న, పాడుబడ్డ మందుగుండు ఫ్యాక్టరీలో తెరిచేశారు. మొదట తెచ్చింది కమ్యూనిస్టుల్ని, సోషల్ డెమోక్రాట్లని, ప్రభుత్వానికి ఎదురు మాట్లాడినవాళ్ళని. హిట్లర్ పదవిలోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. నేను క్లాసులో చెప్పినన్నాళ్ళూ ఇదంతా యుద్ధం వచ్చాక ఎక్కడో అడవిలో రహస్యంగా జరిగినట్టే చెప్పాను.

అక్కడే గేటు బయటే ఇంకొకాయన గురించి చెప్పింది, జోసెఫ్ హార్టింగర్ అని, ప్రభుత్వ ప్రాసిక్యూటర్. క్యాంప్ తెరిచిన సరిగ్గా మూడు వారాలకి, ఏప్రిల్ 12న, నలుగురు యూదు ఖైదీల్ని కాల్చారు. ముగ్గురు అక్కడే పోయారు, నాలుగో అతను కొన్ని రోజులకి ఆస్పత్రిలో పోయాడు. పారిపోతుంటే కాల్చామన్నారు. హార్టింగర్ నమ్మలేదు. వైద్యాధికారిని వెంటబెట్టుకుని వెళ్ళి, శవాలు చూసి, ఆ తర్వాత జరిగిన చావుల మీద కూడా కాగితం మీద కాగితం పెట్టి కేసు కట్టాడు. పైవాళ్ళు తొక్కిపెట్టేశారు. అయినా ఆ గొడవతోనే మొదటి కమాండెంట్‌ని, అంటే క్యాంప్ అధిపతిని, తీసేయాల్సి వచ్చింది. తర్వాత వచ్చినవాడు ఐకే, ఇంకా ఘోరం, వాడు రాసిన నిబంధనలే తర్వాత మిగతా క్యాంపులన్నింటికీ నమూనా అయ్యాయి. ఒక మామూలు ప్రభుత్వోద్యోగి తన డ్యూటీ తను చేశాడు, అంతే. నేనూ ప్రభుత్వోద్యోగినే కాబట్టి ఆయన పేరు నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

గేటు మీది ‘పని విముక్తినిస్తుంది’ అన్న అక్షరాల గురించి అందరికీ తెలిసిందే. ఆ గేటు తలుపుని 2014లో ఎవరో ఎత్తుకుపోయారట. రెండేళ్ళ తర్వాత నార్వేలో దొరికితే దాన్ని తెచ్చి మ్యూజియం లోపల పెట్టారు. మేం మొదటిసారి నవ్వుతూ ఫోటో దిగింది దాని నకలు దగ్గర.

మైదానంలోకి వెళ్ళాక గైడ్ మమ్మల్ని ఒకచోట నిలబెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దునా సాయంత్రం ఖైదీల్ని లెక్కపెట్టింది ఇక్కడేనని తర్వాత చెప్పింది. రాత్రి చచ్చిపోయినవాళ్ళని కూడా మోసుకొచ్చి వరసలో పెట్టాలి, లెక్క సరిపోవాలి కాబట్టి. ఒక్కడు తక్కువైతే వానైనా మంచైనా గంటల తరబడి నిలబడాల్సిందే. తర్వాత ఎదురుగా ఉన్న పొడుగాటి భవనం చూపించి, దాని పాత ఫోటో తీసింది. అప్పట్లో ఆ పైకప్పు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉండేదట: స్వేచ్ఛకి దారి ఒక్కటే, దాని మైలురాళ్ళు ఇవీ అని. విధేయత, శ్రద్ధ, నిజాయితీ, క్రమం, శుభ్రత, నిగ్రహం, సత్యం, త్యాగం, దేశభక్తి. మా వాడు ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఇవన్నీ నేను దగ్గరుండి స్కూలు గోడల మీద పెయింటర్ చేత రాయించిన మాటలు. మాటల్లో తప్పేమీ లేదు, ఎవరు ఎక్కడ ఎందుకు రాయిస్తున్నారన్నది కూడా చూడాలని ముప్పై రెండేళ్ళలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఇంకో సంగతీ దాచుకోకుండా రాస్తాను. నేను స్ట్రిక్ట్‌గా ఉండేవాణ్ణని పిల్లలు నన్ను ‘హిట్లర్ మాస్టారు’ అనేవాళ్ళు. అది మెచ్చుకోలు కిందే తీసుకున్నాను. తోటి టీచర్లూ అలాగే అనేవాళ్ళు, రిటైర్మెంట్ సభలో కూడా ఎవరో అన్నారు, చప్పట్లు కొట్టారు. మన దగ్గర ఆ పేరు అంటే గట్టిమనిషి అని అర్థం అయిపోయింది. మీ పేపర్లోనూ ఫలానా అత్తగారు హిట్లర్, ఫలానా కోచ్ హిట్లర్ అని సరదాగా వేస్తుంటారు. దయచేసి మానేయండి. ఆ మైదానంలో నిలబడ్డాక ఆ పిలుపు నాకు తిట్టులా కూడా లేదు, అంతకన్నా అధ్వానంగా ఉంది.

షెడ్ల సంగతి. అక్కడ 34 షెడ్లుండేవి, 1960లలో అన్నీ పడగొట్టేశారు. ఇప్పుడున్న రెండూ చూపించడానికి మళ్ళీ కట్టినవి. మిగతావాటికి నేల మీద సిమెంటు గట్లు, నంబర్లు మాత్రమే ఉంటాయి. మొదటిసారి మాకు ఖాళీగా కనిపించింది అందుకే. లోపల మూడంతస్తుల చెక్క మంచాలు. ఒక్కో షెడ్డు 200 మందికని కట్టి, చివరి రోజుల్లో 2,000 మంది దాకా కుక్కారట. గైడ్ ఆ మంచం అంచు మీద వేలు పెట్టి చూపించింది. దుప్పటి అంచు గీత గీసినట్టు తిన్నగా ఉండాలి, తిండి గిన్నె మీద నీటి మరక కూడా కనపడకూడదు, కనపడితే దెబ్బలు. గిన్నె అంత శుభ్రం, అందులో పోసేది నీళ్ళలాంటి సూపు. మా ఆవిడ ఆ పలకల మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత శవాల్ని కాల్చిన కొలిమిల దగ్గరికి వెళ్ళాం. గుమ్మం దగ్గర "చెప్పులు విప్పాలా?" అని అడిగింది మా ఆవిడ. అక్కర్లేదమ్మా, నిశ్శబ్దంగా ఉంటే చాలు అంది గైడ్. లోపల స్నానాల గది అని రాసి ఉన్న ఒక గది ఉంది, అది గ్యాస్ ఛాంబర్‌గా కట్టినది. ఇక్కడే నా తప్పు బయటపడింది. డాకావ్‌లో ఆ గదిని సామూహికంగా చంపడానికి వాడలేదు అని ఆవిడ చాలా స్పష్టంగా చెప్పింది. లక్షలమందిని గ్యాస్‌తో చంపింది పోలండ్‌లోని క్యాంపుల్లో. డాకావ్ నుంచైతే పనికిరారు అనుకున్న 2,500 మందికి పైగా ఖైదీల్ని ఆస్ట్రియాలోని హార్ట్‌హైమ్ కోటకి పంపి అక్కడ గ్యాస్‌తో చంపారు. డాకావ్‌లోనూ దాని కింద ఉన్న చిన్న క్యాంపుల్లోనూ మొత్తం 2,00,000 మందికి పైగా ఖైదీలుంటే, కనీసం 41,500 మంది పోయారు. ఆకలికి, టైఫస్ జ్వరానికి, చాకిరీకి, తుపాకీకి, డాక్టర్లు మనుషుల మీద చేసిన ప్రయోగాలకి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, లేనిది కలిపితే రేపు ఇదంతా అబద్ధం అనేవాడికి మనమే ఆయుధం ఇచ్చినట్టు అంది. నేను తప్పు చెప్పొచ్చిన ఆ స్కూలుకి మళ్ళీ వెళ్ళాను, పిల్లలతో సరిచేసి చెప్పాను.

బయటికి వస్తుంటే గోడ మీద ఒక పలక చూపించింది. నలుగురు ఆడవాళ్ళ పేర్లున్నాయి, అందులో ఒకటి నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టిన అమ్మాయి. తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడా సంగీత విద్వాంసుడు, ఆయనకి సూఫీ గురువు దొరికింది మన హైదరాబాద్‌లోనే. నూర్ బ్రిటన్ తరఫున వైర్‌లెస్ ఆపరేటర్‌గా 1943 జూన్‌లో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లో రహస్యంగా దిగి, అక్టోబర్‌లో పట్టుబడింది. 1944 సెప్టెంబర్ 13న మిగతా ముగ్గురితో పాటు డాకావ్‌లో కాల్చేశారు, ముప్పై ఏళ్ళు. మొదటిసారి మేం ఆ పలక ముందు నుంచే నడిచి వెళ్ళుంటాం. చెప్పేవాళ్ళు లేకపోతే కళ్ళముందున్నది కూడా కనపడదు. మా ఆవిడ కింద నుంచి ఒక చిన్న రాయి ఏరి, ఎవరో అంతకుముందు పెట్టిన రాళ్ళ పక్కన పెట్టింది. ఆ రాత్రి ఇంటికెళ్ళగానే తలస్నానం చేసి గానీ వంటింట్లోకి రాలేదు. "మ్యూజియమే కదమ్మా" అన్నాడు మా వాడు. "కాదురా, అంతమంది పోయిన చోటు" అంది.

కాబట్టి ఎడిటర్ గారూ, ఆ వ్యాసం మళ్ళీ వేసేటప్పుడు రెండు గంటలు అన్నది తీసేసి కనీసం సగం రోజు అని రాయండి. ఆ రోజు ఇంకో టూర్ పెట్టుకోవద్దని కూడా రాయండి, కోట చూసొచ్చిన మూడ్‌లో అక్కడికి వెళ్ళకూడదు. ప్రైవేటు గైడ్‌కి ఖర్చు ఎక్కువే, అందరివల్లా కాదు. అలాంటివాళ్ళకి స్మారకం వాళ్ళే ఇంగ్లీషులో నడిపే టూర్లున్నాయి, వాటిలో చేరొచ్చు. పదమూడేళ్ళ లోపు పిల్లల్ని తీసుకురావద్దని స్మారకం వాళ్ళే చెబుతారు, మేం వెళ్ళిన రెండుసార్లూ కంకరలో ఆడుకుంటున్న పసిపిల్లల్ని చూశాం, తప్పు వాళ్ళది కాదు. జర్మనీలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు ప్రతి వేసవికీ వెళ్తూనే ఉన్నారు, వాళ్ళు మీ పేపర్ చదివే వెళ్తారు.

గైడ్‌ని అడిగి ఆ 1933 నాటి కటింగ్‌కి ఫోటో తీసుకున్నాను. ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. నా ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే ఎక్కడ కోసినా ఫరవాలేదు, ఆ ఫోటో మాత్రం కింద తెలుగు అర్థంతో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, హన్మకొండ