ముసుగు తీసిన మర్నాటి నుంచి ఆ విగ్రహం ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల వేడుకల గురించి పత్రికల్లో వస్తున్న వార్తలు ఆసక్తిగా చదువుతున్నాను. ఇలాంటి సందర్భాలు వచ్చినప్పుడల్లా మా తెనాలికి ఫోన్లు వస్తాయి. ఫలానా మహనీయుడి విగ్రహం కావాలి, ఫలానా తేదీకి అందాలి, ఎంతవుతుంది అని అడుగుతారు. నేను విగ్రహాలు చేసుకుని బతికేవాణ్ణి. మా నాన్నగారు సిమెంటులో చేసేవారు. నేను కంచులోనూ ఫైబర్‌లోనూ చేస్తాను. విశ్వవిద్యాలయాల్లో విగ్రహాలు, స్మారకాలు ఉండాలనే నా కోరిక. అవి అక్కడికి వస్తున్న తీరు, వచ్చాక వాటికి పడుతున్న గతి చూసి మనసు ఆగక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా దగ్గరికి మాట వచ్చేసరికే అన్నీ తేలిపోయి ఉంటాయి. ఎవరి విగ్రహమో, ఎన్ని అడుగులో, ఎవరు ఆవిష్కరిస్తారో అప్పటికే ఖరారు. ఎనిమిదడుగుల కంచు విగ్రహం అంటే ముందు మట్టిలో రూపం తేవాలి. ఆ మనిషిని ఎరిగినవాళ్లను పిలిచి చూపించి దిద్దాలి. అచ్చు తీయాలి, మైనం పోయాలి, ముక్కలుగా పోత పోసి అతకాలి, చెక్కాలి, రంగు పట్టించాలి. తొందరపడకుండా చేస్తే అయిదారు నెలల పని. మాకు దొరికేది నెలన్నర.

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయం వాళ్లు, పేరెందుకులెండి, ఒక పెద్దాయన విగ్రహానికి టెండరు పిలిచారు. పిలిచింది ఇంజినీరింగ్ విభాగం. కాగితంలో ఎత్తు, బరువు, గడువు అన్నీ ఉన్నాయి. ముఖం పోలిక ఎవరు సరిచూడాలో మాత్రం లేదు. ఎవరు తక్కువకు కోట్ చేస్తే వాళ్లకే పని. నాకు ఇచ్చిన ఫొటో ఒక పాత గ్రూపు ఫొటోలోంచి పెద్దది చేసింది. ఒక చెవి కనిపించదు, కళ్లజోడు మీద వెలుగు పడి కళ్లు తెలియవు. ఆయన నిలబడే తీరేమిటి, పంచె ఎలా కట్టేవారు, చేతిలో పుస్తకం పట్టుకునే అలవాటుందా అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఆయన దగ్గర చదువుకున్న పెద్దలు అదే ఊళ్లో ఉన్నారు. వాళ్లను పిలిపించండి, మట్టి దశలో ఒక్కసారి చూస్తారు అన్నాను. టైము లేదన్నారు. చివరికి తేదీ మారదు కాబట్టి లోహమే మారింది. కంచు పోయి ఫైబర్ వచ్చింది, పైన కంచు రంగు.

తర్వాత మా మేనకోడలి అడ్మిషన్ పని మీద అక్కడికి వెళ్లినప్పుడు ఆ విగ్రహం చూశాను. చీలమండ దగ్గర పగిలి, లోపలి ఇనుప ఊచ తుప్పు నీరు పాదం మీదుగా దిమ్మె మీదికి కారి చారలు కట్టింది. మెడలో పూలన్నీ రాలిపోయిన దండ తాలూకు దారం. దిమ్మెకు అడ్డంగా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. శిలాఫలకం మీద ఆవిష్కర్త పేరు, ముఖ్య అతిథి పేరు, గౌరవ అతిథుల పేర్లు పెద్ద పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. విగ్రహంలో ఉన్న మనిషి ఎప్పుడు పుట్టారో, ఏం చేశారో ఒక్క ముక్క లేదు. పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి అడిగితే "ఎవరో పాత వీసీ అండీ" అన్నాడు. ఆయన వీసీ కాదు.

సామాను ఖర్చు ఇస్తే నేనే బాగుచేస్తానని ఎస్టేట్ ఆఫీసుకు వెళ్లాను. అది తోటల విభాగం వాళ్లది అన్నారు. తోటల వాళ్లు మొక్కలే మావి, విగ్రహం ఇంజినీర్లది అన్నారు. ఇంజినీర్లు బిల్లు పాసయ్యాక ఫైలు మూసేశామన్నారు. ఆవరణలో ప్రతి కుర్చీకీ ప్రతి ఫ్యానుకూ నంబరు వేసి రిజిస్టరులో ఎక్కిస్తారు. ఆ విగ్రహం ఏ రిజిస్టరులోనూ లేదు. లేనిదానికి మరమ్మతు ఎవరు మంజూరు చేస్తారు?

కంచైతే ఇక చూడక్కర్లేదనుకుంటారు. మేం వాడే కంచులో రాగి 85 పాళ్లు, మిగతాది తగరం, జింకు, సీసం. దాని పైపొర పల్చన. జయంతి రోజున భక్తితో పోసే పాలు పులిసి మడతల్లో చేరి ఆ పొరను తినేస్తాయి. విశాఖ లాంటి చోట ఉప్పుగాలి తగిలి ఆకుపచ్చ పొడి రేగిందంటే లోపలికి తొలుచుకుంటూ పోతుంది. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది బంగారు రంగు ఎనామిల్. జయంతికి ముందురోజు ఎవరో డబ్బా తెచ్చి పూసేస్తారు. వారాల తరబడి సన్నటి ఇనుప పుల్లతో గీసిన కనురెప్పలు, చొక్కా కుట్లు, వేలిగోళ్లు ఒక్క పూటలో పూడిపోతాయి. మళ్లీ ఏడాది ఇంకో పొర. నాలుగేళ్లకు ఆ ముఖం ఎవరిదైనా కావచ్చు. ఏడాదికోసారి మెత్తని సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరాక పల్చగా మైనం పట్టించి గుడ్డతో రుద్దితే చాలు. ఇద్దరు మనుషులకు ఒక రోజు పని. ఆ ఒక్క రోజు కూలీ ఏ పద్దులోనూ ఉండదు.

మా అమ్మాయి టెక్సస్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం ఆవరణ అంతా తిరిగి చూశాను. 2008 నుంచి అక్కడ ల్యాండ్‌మార్క్స్ అనే కార్యక్రమం నడుస్తోంది. కొత్త భవనం కట్టినా, పెద్ద మరమ్మతు చేసినా ఆ ఖర్చులో ఒకటి నుంచి రెండు శాతం కళకు కేటాయించాలని విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా విధానం పెట్టుకుంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 28 శిల్పాలను వాళ్లకు దీర్ఘకాలం అరువిచ్చింది. బాధ్యత తీసుకునేవాళ్లు ఉన్నారనే నమ్మకం లేకపోతే అంత పెద్ద మ్యూజియం ఆరుబయట పెట్టుకోమని ఇస్తుందా? శిల్పాల సంరక్షణలో విద్యార్థులూ వాలంటీర్లూ పాలు పంచుకుంటారు.

అక్కడే 1933 నాటి జెఫర్సన్ డేవిస్ విగ్రహం ఉండేది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు అధ్యక్షుడాయన. దాన్ని తీసేయాలని 2015లో విద్యార్థులు కోరితే విద్యార్థులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులతో ఒక బృందం వేశారు. వాళ్లు అందరి మాటా విని, ఉన్న దారులేమిటో రాసిచ్చారు. ఆగస్టులో విగ్రహాన్ని దించి, పగలగొట్టకుండా అదే విశ్వవిద్యాలయం చరిత్ర కేంద్రానికి చేర్చారు. నల్లజాతి నాయకురాలు బార్బరా జోర్డాన్ విగ్రహం 2009లో వచ్చింది. ఆ ఆవరణలో మొట్టమొదటి స్త్రీ విగ్రహం అదే, దానికి పట్టుబట్టింది విద్యార్థులే. అక్కడా అన్నీ సజావుగా జరగలేదు. 2017లో దక్షిణాది నాయకుల విగ్రహాలు మరికొన్నిటిని రాత్రికి రాత్రి దించేశారు. అయినా ఏది ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది అని అడిగితే చూపించడానికి వాళ్ల దగ్గర కాగితం ఉంది.

గాంధీగారి విగ్రహం మా వృత్తివాళ్లకు అన్నం పెట్టే విగ్రహం. 2016 జూన్‌లో మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు ఘనా విశ్వవిద్యాలయంలో గాంధీ విగ్రహం ఆవిష్కరించారు. కొద్ది నెలలకే, దక్షిణాఫ్రికాలో తొలినాళ్లలో ఆయన నల్లవారి గురించి రాసిన మాటలు ఎత్తిచూపుతూ అక్కడి అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. 2018 డిసెంబరులో దాన్ని తీసేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు పని మీద చెయ్యి పోలేదు. గాంధీగారి మీద నాకున్న గౌరవం తగ్గలేదు. కానీ రోజూ ఆ విగ్రహం ముందు నుంచి నడిచి వెళ్లేవాళ్ల మాట ముసుగు తీయకముందే వినాల్సింది.

మన దేశంలో మంచి ఉదాహరణ లేకపోలేదు. శాంతినికేతన్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయంలో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన 'సంతాల్ కుటుంబం' అనే శిల్పం చూడండి. సిమెంటులో ఎర్ర గులకరాళ్లు కలిపి, అక్కడి కళల విభాగం కళాభవన్ ఆవరణలోనే ఆరుబయట నిలిపారు. అందులో నాయకుడెవరూ లేడు. సామాను మోసుకుని ఊరు మారుతున్న కూలి కుటుంబం, వెంట ఒక కుక్క. సిమెంటంటే చిన్నచూపు చూసేవాళ్లకు మా నాన్నగారు ఆ శిల్పం ఫొటో చూపించేవారు. అక్కడ శిల్పి ఆ విశ్వవిద్యాలయం మనిషే, చూసేవాళ్లు ఆయన విద్యార్థులే. మనకూ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలో శిల్పం నేర్పుతారు. హైదరాబాద్‌లోనూ కడపలోనూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కే ప్రత్యేకంగా విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. నాకు వచ్చిన ఆర్డర్లలో మాత్రం ఏనాడూ ఒక శిల్పం మాస్టారు నా మట్టి నమూనా చూడ్డానికి రాలేదు. వచ్చింది అసిస్టెంట్ ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు.

స్మారకాల సంగతి ఇంకా సున్నితం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టల్ నుంచి వెలివేసిన విద్యార్థులు 2016 జనవరిలో వేసుకున్న వెలివాడ అనే నిరసన గుడారం, వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల మరణం తర్వాత స్మారకమైంది. దుఃఖం ఎవరి అనుమతి కోసమూ ఆగదు, ఆగాలని నేను అనను. కానీ అలాంటి దుఃఖాన్ని కూర్చోబెట్టి వినే పద్ధతి విశ్వవిద్యాలయానికి ఉండాలి. టెక్సస్‌లోనే, ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 1999 నవంబరులో విద్యార్థులు సంబరంగా వేసే పెద్ద మంట కోసం పేర్చిన దుంగలు కూలి 12 మంది చనిపోయారు. అయిదేళ్లు తీసుకుని, అదే చోట 2004లో స్మారకం కట్టారు. 12 ద్వారాలు. ఒక్కొక్క ద్వారం ఒక్కొక్కరి సొంతూరి దిక్కుకు తిరిగి ఉంటుంది. ఆ ద్వారంలో నిలబడితే ఆ బిడ్డ ఇంటివైపు చూస్తున్నట్టు. ఇలాంటి ఆలోచన నెలన్నర గడువులో రాదు.

రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది. ఆ తర్వాత ఆవరణల లోపలికి అడుగుతున్నవాళ్లు పెరిగారని మా ఆర్డర్లు చూస్తే నాకనిపిస్తోంది. కాబట్టి వీసీలకూ పాలకమండళ్లకూ నా విన్నపం. ఏ విగ్రహానికైనా, కుడ్యచిత్రానికైనా, స్మారకానికైనా మాట ఇచ్చే ముందు ఒక సంఘం ముందు పెట్టండి. అందులో చరిత్ర, శిల్పం తెలిసినవాళ్లు, విద్యార్థులు, ఆవరణ ఊడ్చే సిబ్బంది తరఫున ఒకరు ఉండాలి. దాత ఎంత పెద్దవాడైనా ఆ వరసలోనే రావాలి. మట్టి నమూనా చూసి సరేనన్నాకే ఆవిష్కరణ తేదీ అడగండి. అయ్యే ఖర్చులో కొంత సంరక్షణ కింద బ్యాంకులో వేయండి. ఫలకం మీద ముందు ఆ మనిషి గురించి రాయండి, అతిథుల పేర్లు చివర్లో. తీయాల్సి వస్తే ఎవరు నిర్ణయిస్తారో, తీసినదాన్ని ఎక్కడ ఉంచుతారో పెట్టే రోజునే రాసుకోండి. ఇప్పటికే ఉన్నవాటికి ఒక రిజిస్టరు తెరవండి. ఎవరిది, ఏ సంవత్సరం, ఏ లోహం, ఎవరు చేశారు, ఇప్పుడెలా ఉంది అన్నది అందులో ఉంటే చాలు.

నేను విద్యాసంస్థలకు చేసిన ప్రతి విగ్రహానికీ ఏం వాడానో, లోపల ఊచ ఎక్కడుందో, దేనితో కడగాలో నా నోటుబుక్కులో ఉంది. ఏ విశ్వవిద్యాలయం అడిగినా రాసి పంపుతాను. రుసుమేమీ అక్కర్లేదు. శిల్పం చదివే పిల్లల్ని పంపితే కడగడం, మైనం పట్టించడం దగ్గరుండి నేర్పుతాను.

ఇట్లు,
ఒక విగ్రహ శిల్పి,
తెనాలి