విశాఖ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

షుగర్ ఎక్కువై మా అమ్మను నగరంలోని ఒక ఆసుపత్రిలో చేర్పించాం. కేస్ షీట్‌లో ఇన్సులిన్ 10 పక్కన ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయకుండా ‘యూ’ అనే ఇంగ్లిష్ అక్షరం పెట్టారు. పైకొనలు కలిసిపోయి అది సున్నాలా ఉంది. రాత్రి డ్యూటీ నర్సు 100 ఇచ్చింది. తెల్లారేసరికి అమ్మకు స్పృహ లేదు. ఇప్పుడు నన్ను చూసి ‘ఎవరమ్మా నువ్వు?’ అంటోంది.

ఆ నర్సును తీసేశారు. రాసే పద్ధతి మాత్రం మారలేదు. ఆసుపత్రికి మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు.

కలెక్టర్ గారూ, ఇలాంటి ప్రతి ఘటనకూ మూలకారణం వెతికే విచారణ జరిపించి, నివేదికను కుటుంబానికి ఇప్పించండి. ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలని, ఇన్సులిన్ ఇచ్చేముందు ఇంకో నర్సు సరిచూడాలని ప్రపంచ రోగి భద్రతా దినమైన సెప్టెంబరు 17లోగా ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక కూతురు, గాజువాక